చైనా సూది వైద్యం: నిత్యం వేధించే నొప్పులకు ఎంతవరకు మేలు?

తలనొప్పి, మెడనొప్పి, నడుమునొప్పి, మోకాళ్ళ నొప్పి. ఈ నాలుగింటిలో ఒకటైనా కాలుపెట్టని గృహం అరుదు. ఇవి సాధారణంగా ప్రాణాపాయం కలిగించే బాధలు కాకపోయినా మనిషిని నిలబడనీయవు, కూర్చోనీయవు, కంటినిండా నిద్రపోనీయవు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలతో తాత్కాలిక ఉపశమనం లభిస్తుంది. కాని నెలల తరబడి వాటినే మింగేవారికి కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాలకు హాని కలిగే ప్రమాదం ఉన్నది. వృద్ధులలో ఈ ప్రమాదం మరింత అధికం. అందుచేత మాత్ర లేకుండా నొప్పి తగ్గే మార్గం ఏదైనా ఉన్నదా అని ప్రతి కుటుంబమూ ఏదో ఒకనాడు వెతుకుతుంది. ఆ వెతుకులాటలో తరచుగా వినవచ్చే పేరు ఆక్యుపంక్చర్.

సూదులు గుచ్చితే సర్వరోగాలూ పోతాయని ఒకరంటారు. అదంతా భ్రమ అని మరొకరు కొట్టివేస్తారు. ఈ రెండు మాటలలో ఏదీ పూర్తిగా సత్యం కాదు. కొన్ని బాధలకు ఈ చికిత్స వలన మేలు ఉన్నదని పరీక్షలలో తేలినది. అనేక రోగాలకు అటువంటి నిదర్శనం లేదు. ఏ బాధ ఏ కోవకు చెందుతుందో తెలుసుకున్నవారు ధనాన్నీ, కాలాన్నీ, కొన్ని సందర్భాలలో ప్రాణాన్నీ కాపాడుకోగలుగుతారు. ఆ వివేచనకు తోడ్పడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూదీ నిప్పూ కలిసిన వైద్యం

చైనీయులు ఈ చికిత్సను 'జెన్ జియు' అంటారు. 'జెన్' అనగా సూది. 'జియు' అనగా కాపడం పెట్టే నిప్పు. శరీరంపై నిర్ణీత స్థానాలలో సన్నని సూదులు గుచ్చడం ఒక భాగం. ఎండబెట్టి దంచిన ఆకు నూగును చుట్టలా చేసి, అంటించి, ఆ స్థానాలకు సమీపంలో ఉంచి వేడి తగిలించడం రెండవ భాగం. ఈ ఆకు మనకు పరాయిది కాదు. వినాయక చవితినాడు స్వామికి సమర్పించే ఇరవై ఒక్క పత్రులలో మాచిపత్రి ఉన్నది కదా! చైనీయులు కాపడానికి వాడేది ఆ జాతికి చెందిన మొక్కయే.

ఈ రెండింటిలో నిప్పు ముందు వచ్చినదని చెప్పడానికి ఆధారమున్నది. మవాంగ్‌దుయ్ అనే చోట క్రీ.పూ. 168 నాటి సమాధిని 1973లో త్రవ్వినప్పుడు పట్టువస్త్రాలపై వ్రాసిన వైద్య గ్రంథాలు లభించినవి. వాటిలో శరీర నాడీమార్గాల వర్ణన, కాపడం ప్రస్తావన ఉన్నవి గాని సూదుల ప్రస్తావన లేదు. క్రీ.పూ. 113లో మరణించిన ల్యూ షెంగ్ అనే రాజకుమారుని సమాధిలో బంగారు, వెండి సూదులు దొరికినవి. చైనా వైద్యానికి మూలగ్రంథంగా భావించే 'హువాంగ్ డి నేయ్‌జింగ్' కూడా ఇంచుమించు ఆ శతాబ్దాలలోనే రూపొందినది. క్రీ.శ. 1027 నాటికి వాంగ్ వెయ్‌యి అనే వైద్యుడు మనిషి పరిమాణంలో కంచు విగ్రహాలు పోతపోయించి, వాటిపై సూది స్థానాలను గుర్తించి విద్యార్థులకు బోధించే ఏర్పాటు చేసినాడు.

ఈ వైద్యం స్వదేశంలోనే తిరస్కారానికి గురియైన కాలమూ ఉన్నది. 1822లో చక్రవర్తి ఆజ్ఞతో రాజవైద్య సంస్థలో సూది చికిత్స నిలిపివేయబడినది. 1929లో దేశవైద్యాన్నంతటినీ తొలగించాలనే ప్రతిపాదన రాగా వైద్యులు సంఘటితులై ఎదిరించినారు. 1950ల దశకంలో ప్రభుత్వం మరల ప్రోత్సాహమిచ్చి కళాశాలలు నెలకొల్పినది. 2010లో యునెస్కో ఈ విద్యను మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చినది.

మన శాస్త్రంతో పోలిక ఎంతవరకు?

చైనా వైద్యుల సిద్ధాంతం ప్రకారం శరీరంలో 'చీ' అనే శక్తి 12 ప్రధాన మార్గాలలో సంచరిస్తుంది. దాని గమనం ఎక్కడ అడ్డగింపబడితే అక్కడ నొప్పి పుడుతుంది. సూది ఆ అడ్డంకిని తొలగిస్తుంది. స్థానాల సంఖ్యపై వేర్వేరు గ్రంథాలు వేర్వేరుగా చెప్పగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1991లో 361 స్థానాలకు ప్రామాణిక నామాలను ప్రకటించినది. ఈ వర్ణన చదివిన ఆయుర్వేదాభిమానులకు వాతగమనం, ప్రాణవాయువు వెంటనే స్ఫురిస్తాయి. పోలిక ఉన్నమాట నిజమే. అయితే తొందరపడి రెండింటినీ ఒకటే అనరాదు.

మన పంచభూతాలు పృథివి, జలం, అగ్ని, వాయువు, ఆకాశం. వారి ఐదు తత్త్వాలు కట్టె, నిప్పు, మన్ను, లోహం, నీరు. వాటిలో వాయువూ ఆకాశమూ లేవు. అలాగే సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలే సూది స్థానాలని కొందరు వ్రాస్తున్నారు. మర్మం అనగా గాయపడితే ప్రాణానికో అవయవానికో ముప్పు తెచ్చే చోటు. శస్త్రం తగలకుండా వైద్యుడు కాపాడవలసిన చోటు. సూది స్థానం చికిత్స కొరకు కోరి గుచ్చే చోటు. ఈ భేదాన్ని విస్మరించి మర్మ పటం చూచి సూది గుచ్చబోవడం ప్రమాదకరం.

ఒక విషయంలో మాత్రం రెండు శాస్త్రాలూ చక్కగా కలుస్తాయి. శరీరాన్ని కొలవడానికి ఎవరి వ్రేళ్ళు వారికే ప్రమాణమని చరకుడు చెప్పినాడు. చైనా వైద్యులూ అంతే. రోగి బొటనవ్రేలి వెడల్పును ఒక కొలతగా తీసుకొని స్థానాన్ని నిర్ణయిస్తారు. అందువలన పసివానికీ పెద్దవానికీ కొలత దానంతట అదే సరిపోతుంది.

మన దేశానికి వచ్చిన దారి

1938లో జపాను దాడికి గురియైన చైనాకు సహాయంగా మన దేశం నుండి ఐదుగురు వైద్యులు వెళ్ళినారు. వారిలో షోలాపూరుకు చెందిన ద్వారకానాథ్ కొట్నీస్ 1942లో అక్కడే అసువులు బాసి ఆ దేశ ప్రజల హృదయాలలో నిలిచిపోయినారు. అదే బృందంలోని కలకత్తా వైద్యుడు విజయకుమార్ బసు 1958లో మరల చైనాకు వెళ్ళి ఆక్యుపంక్చర్ అభ్యసించి, 1959లో స్వనగరంలో ఈ చికిత్స ప్రారంభించినారు. ఆధునిక వైద్యం చదివిన వ్యక్తి దీనిని మన దేశానికి తెచ్చినాడన్నది గమనించదగిన విషయం. పశ్చిమ బెంగాల్ 1996లో దీనికై ప్రత్యేక శాసనం చేసినది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019లో దీనిని ఒక చికిత్సా పద్ధతిగా గుర్తించినది.

పాశ్చాత్య దేశాలలో దీనికి ప్రచారం కల్పించినది 1971 నాటి ఒక సంఘటన. అమెరికా పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు పెకింగ్‌లో ఉండగా అపెండిసైటిస్ శస్త్రచికిత్స జరిగినది. సూదులతోనే మత్తు కలిగించి కోసినారని నేటికీ కొందరు చెబుతారు. అది నిజం కాదు. మామూలు మత్తు ఇంజెక్షనుతోనే ఆపరేషన్ చేసినారు. తరువాత కడుపులో ఉబ్బరం, అసౌకర్యం కలిగినప్పుడు మోచేతికీ మోకాళ్ళ దిగువనూ సూదులు గుచ్చి, కాపడం పెట్టగా ఉపశమనం కలిగినదని ఆయన తన పత్రికలో వ్రాసినారు.

పరీక్షలకు నిలిచినది ఏమిటి?

సూది నొప్పిని ఎట్లా తగ్గిస్తుంది? 1970ల దశకంలో జరిగిన పరిశోధనలు ఒక సమాధానం చూపినవి. సూది గుచ్చినప్పుడు మెదడు, వెన్నుపాము ఎండార్ఫిన్లు అనే సహజ నొప్పి నివారకాలను విడుదల చేస్తాయి. వాటి పనిని అడ్డుకొనే నాలోక్సోన్ అనే మందు ఇచ్చినప్పుడు సూది ప్రభావం తగ్గినట్లు కొన్ని ప్రయోగాలలో కనబడినది.

జర్మనీలో నడుమునొప్పితో బాధపడుతున్న 1162 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2007లో వెలువడినవి. ఒక వర్గానికి శాస్త్రోక్తంగా సూదులు గుచ్చినారు. రెండవ వర్గానికి నిర్ణీత స్థానాలు కాని చోట్ల పైపైన గుచ్చినారు. మూడవ వర్గానికి మందులు, వ్యాయామం మొదలైన మామూలు చికిత్స చేసినారు. ఆరు నెలల తరువాత మొదటి వర్గంలో నూటికి సుమారు 48 మందికి, రెండవ వర్గంలో 44 మందికి, మూడవ వర్గంలో 27 మందికి గుణం కనిపించినది.

ఈ అంకెలను నిదానంగా ఆలోచించవలెను. సూది పొందిన రెండు వర్గాలూ మామూలు చికిత్స కంటె మెరుగైనవి. కాని సరియైన చోట గుచ్చినా, కాని చోట గుచ్చినా భేదం స్వల్పమే. అనగా ఫలితంలో కొంత భాగం సూదిది. అధిక భాగం రోగిని పడుకోబెట్టి, స్థిమితపరచి, శ్రద్ధగా చూచినందువలన కలిగే విశ్రాంతిది, విశ్వాసానిది. రోగికి నొప్పి తగ్గినది గనుక ఇది వ్యర్థం కాదు. అయితే స్థానం వెంట్రుకవాసి తప్పినా ఫలితం పోతుందనే మాటలను నమ్మి భయపడనవసరం లేదు.

బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలను నిర్ణయించే నైస్ సంస్థ తలనొప్పి, పార్శ్వపు నొప్పి తరచుగా వచ్చేవారికి 5 నుండి 8 వారాలలో 10 పర్యాయాల వరకు ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చునని 2012లో సూచించినది. అదే సంస్థ నడుమునొప్పికి 2009లో దీనిని సిఫారసు చేసి, 2016లో ఆ సిఫారసును ఉపసంహరించినది. కారణం స్పష్టంగా తెలియని దీర్ఘకాలపు నొప్పికి దీనిని ప్రయత్నించవచ్చునని 2021లో చెప్పినది. శస్త్రచికిత్స అనంతరం కలిగే వికారం, వాంతులను తగ్గించడంలో మణికట్టు స్థానం ఉపయోగపడుతుందని 59 పరీక్షలను పరిశీలించిన 2015 నాటి సమీక్ష తెలిపినది. మోకాళ్ళ నొప్పిలో మేలు కలిగినా అది స్వల్పం.

మధుమేహం, రక్తపోటు, మూర్ఛ, క్యాన్సర్ వంటి వ్యాధులను సూదులతో నయం చేస్తామని, మాత్రలు మాన్పిస్తామని చెప్పే ప్రకటనలను ఎంతమాత్రం నమ్మరాదు.

వ్రేలితోనే చేసుకోదగిన చికిత్స

సూదిని ఇంట్లో ఎవరూ తాకరాదు. సూదికి బదులు వ్రేలితో నొక్కే పద్ధతి, అనగా ఆక్యుప్రెషర్, గృహానికి తగినది. బొటనవ్రేలి మెత్తని భాగంతో, గోరు తగలకుండా, భరించగలిగినంత ఒత్తిడితో ఒక్కొక్క చోట ఒకటి నుండి మూడు నిమిషాలు నొక్కవలెను. శ్వాస నిదానంగా తీసుకొనవలెను. గాయం, వాపు, ఉబ్బిన నరం ఉన్నచోట నొక్కరాదు.

వికారం, ప్రయాణంలో వాంతులు: అరచేతిని పైకి త్రిప్పి, మణికట్టు ముడత నుండి మోచేతివైపు మూడు వ్రేళ్ళ వెడల్పు కొలవండి. పిడికిలి బిగిస్తే అక్కడ రెండు స్నాయువులు త్రాళ్ళవలె పైకి తేలుతాయి. వాటి నడిమి పల్లమే స్థానం. బస్సు ఎక్కేముందు, ప్రయాణంలో అప్పుడప్పుడు రెండు చేతులకూ నొక్కుకోవచ్చును.

తలనొప్పి, మెడ పట్టివేయుట: పుర్రె అడుగు అంచున, మెడ వెనుక, వెన్నెముకకు ఇరువైపులా రెండు గుంటలుంటాయి. రెండు బొటనవ్రేళ్ళను ఆ గుంటలలో ఉంచి పైకి ఒత్తవలెను. తల కొద్దిగా వెనుకకు వాల్చితే ఒత్తిడి దానంతట అదే పడుతుంది.

తలనొప్పి, పంటినొప్పి: బొటనవ్రేలికీ చూపుడువ్రేలికీ నడుమనున్న కండను చూపుడువ్రేలి ఎముకవైపు నొక్కవలెను. పంటినొప్పికి ఇది తాత్కాలికమే. దంతవైద్యుని వద్దకు వెళ్ళక తప్పదు.

మనసు స్థిమితం లేక నిద్ర పట్టనివారు: రెండు కనుబొమల నడుమ, బొట్టు పెట్టుకొనే చోట, కన్నులు మూసుకొని మెల్లగా ఒత్తవలెను.

ముట్టునొప్పి: లోపలి చీలమండ ఎముక నుండి పైకి నాలుగు వ్రేళ్ళ దూరంలో, కాలి ఎముక వెనుక అంచున నొక్కవలెను.

కడుపులో బరువు, మందాగ్ని: మోకాలి చిప్ప దిగువన నాలుగు వ్రేళ్ళు కొలిచి, కాలి ఎముక అంచుకు వెలుపలివైపు ఒక వ్రేలి దూరంలో నొక్కవలెను.

వీటిలో వికారానికి చెప్పినదానికి పరీక్షల నిదర్శనం కొంత ఉన్నది. తక్కినవి సంప్రదాయం చెప్పినవి. ఖర్చు లేనివి, జాగ్రత్తగా చేస్తే హాని లేనివి గనుక ప్రయత్నించదగినవి. గర్భిణులు మాత్రం చేతి బొటనవ్రేలి వద్ద, చీలమండ పైన చెప్పిన స్థానాలను నొక్కరాదని సంప్రదాయమే నిషేధించినది. ఆ నిషేధాన్ని పాటించడం శ్రేయస్కరం.

నిప్పు కాపడం మాత్రం ఇంట్లో వలదు. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలినదాకా తెలియదు. పసిబిడ్డలకు పసికర్లకో కడుపునొప్పికో వాతలు పెట్టే దురాచారానికి దీనిని సమర్థనగా చూపడం మరింత తప్పు.

చైనా వంటింటి మందులు

చైనా వైద్యంలో సూది ఒక శాఖ మాత్రమే. మూలికలు మరొక పెద్ద శాఖ. ఆ మూలికలలో చాలవరకు మన పోపులపెట్టెలో ఉన్నవే. పచ్చి అల్లం వేరు, శొంఠి వేరు అని మనవలెనే వారూ గుణభేదం పాటిస్తారు. క్రీ.శ. 200 ప్రాంతంలో జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు జలుబు, చలిజ్వరాలకు చెప్పిన ఒక ప్రసిద్ధ కషాయంలో దాల్చిన కొమ్మ, అల్లం, అతిమధురం, రేగుపండ్ల జాతి పండు, పియోనీ వేరు ఉంటాయి. కషాయం త్రాగిన కొంతసేపటికి వేడివేడి పలుచని బియ్యపు జావ త్రాగి, దుప్పటి కప్పుకొని సన్నగా చెమట పట్టనీయవలెనని ఆయన నియమం. జ్వరం వచ్చినవారికి గంజి ఇచ్చి కంబళి కప్పిన మన పెద్దల పథ్యం గుర్తుకు రావడం లేదా?

ప్రాచీన గ్రంథాన్ని పరీక్షకు నిలబెడితే ఎంత మేలు కలుగుతుందో చూపిన మహిళ టూ యూయూ. 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ చలిజ్వరానికి ఒక మూలికను నీటిలో నానబెట్టి, పిండి, రసం త్రాగమని వ్రాసినాడు. మరిగించవద్దన్న సూచన అందులో ఇమిడి ఉన్నదని గ్రహించి ఆమె తక్కువ వేడిలో సారం తీయగా, 1971లో మలేరియా క్రిములను అణచే గుణం బయటపడినది. దాని నుండి వచ్చిన ఆర్టెమిసినిన్ అసంఖ్యాకుల ప్రాణాలను కాపాడినది. ఆమెకు 2015లో నోబెల్ బహుమానం లభించినది. ఆ మొక్క కూడా మాచిపత్రి జాతిదే. అంతమాత్రాన మలేరియాకు పెరటి మాచిపత్రి రసం త్రాగరాదు. ఫలించినది శుద్ధిచేసిన, మోతాదు నిర్ణయించిన మందు మాత్రమే.

మూలిక గదా, హాని ఏమున్నది అనే మాట ఎంత ప్రమాదకరమో బెల్జియంలో జరిగిన దుర్ఘటన తెలుపుతుంది. 1990ల ఆరంభంలో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన 100 మందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నవి. ఒక మూలికకు బదులు అరిస్టలోకియా అనే మొక్క చేరడమే కారణం. దానిలోని ఆమ్లం క్యాన్సర్ కారకమని కూడా నిర్ధారణ అయినది. మన పల్లెలలో పాముకాటుకు వాడే ఈశ్వరి ఈ జాతి మొక్కయే. దానిని లోపలికి తీసుకొనరాదు. అతిమధురం సైతం రక్తపోటు ఉన్నవారు దీర్ఘకాలం వాడితే పోటు పెరుగుతుంది. పేరు, పాళ్ళు వ్రాయని పొట్లాలనూ మాత్రలనూ ఎవరు ఇచ్చినా పుచ్చుకొనరాదు.

చికిత్సకు వెళ్ళేవారు అడగవలసినవి

మొదట వైద్యునిచే రోగనిర్ణయం చేయించుకొనవలెను. నొప్పి లక్షణమే గాని రోగం కాదు. రోగమేదో తెలియకుండా నొప్పిని మాత్రమే అణచడం, పొగ కనబడకుండా కిటికీ మూయడం వంటిది. లోపల నిప్పు రగులుతూనే ఉంటుంది.

చికిత్సకుని శిక్షణ, గుర్తింపు గురించి మొగమాటం లేకుండా అడగవలెను. సూదుల పొట్లాన్ని మీ కన్నులెదుట విప్పమనవలెను. వాడిన వెంటనే పారవేసే సూదులనే అంగీకరించవలెను. శుద్ధి చేయని సూదుల వలన హెపటైటిస్-బి వ్యాపించిన సందర్భాలున్నవి. సూది తల వెంట్రుక కంటె కొంచెమే లావుగా ఉంటుంది. గుచ్చినప్పుడు చీమ కుట్టినట్లు ఉండి, పిమ్మట బరువు, తిమ్మిరి తెలుస్తాయి. సాధారణంగా 15 నుండి 30 నిమిషాలు ఉంచుతారు. ఖాళీ కడుపుతో వెళితే కళ్ళు తిరగవచ్చును గనుక కొద్దిగా తిని వెళ్ళవలెను.

రక్తం పలుచబడే మందులు వాడేవారు, గర్భిణులు, మధుమేహ రోగులు ముందుగానే చెప్పవలెను. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారికి విద్యుత్తుతో కలిపిన సూది చికిత్స తగదు. ఛాతీ, వీపు పైభాగాలలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి రంధ్రం పడే ప్రమాదం అరుదుగానైనా ఉన్నది. చికిత్స తరువాత ఆయాసం, ఛాతీలో పోటు కలిగితే వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఐదారు పర్యాయాలకు కూడా గుణం కనబడకపోతే చికిత్సను కొనసాగించే ముందు పునరాలోచించుట మంచిది.

సూదినీ వ్రేలినీ పక్కన పెట్టవలసిన వేళ

హఠాత్తుగా, మునుపెన్నడూ ఎరుగనంత తీవ్రంగా వచ్చిన తలనొప్పి, జ్వరంతోపాటు మెడ బిగుసుకొనుట, మూతి వంకర పోవుట, మాట తడబడుట, ఒక చేయో కాలో పడిపోవుట, ఛాతీలో బరువు, ఎడమచేతికి ప్రాకే నొప్పి, చెమటలు, నడుమునొప్పితోపాటు మలమూత్రాలపై అదుపు తప్పుట, కారణం లేకుండా బరువు తగ్గుట, మలంలో రక్తం, జ్వరంతో కూడిన కీలు వాపు. వీటిలో ఏది కనబడినా ఒక్క నిమిషం కూడా స్థానాల కొరకు వెతకక ఆసుపత్రికి వెళ్ళవలెను. అజీర్ణం నొప్పి అనుకొని రాత్రంతా కాలు నొక్కుతూ కూర్చుంటే గుండెపోటుకు చికిత్స జరగవలసిన అమూల్యమైన గంటలు గడిచిపోతాయి.

మాటిమాటికీ వచ్చే తలనొప్పికి, వైద్యుడు పరీక్షించి భయం లేదన్న నడుము, మెడ, మోకాళ్ళ నొప్పులకు, నొప్పి మాత్రల సంఖ్య తగ్గించుకోదలచినవారు వైద్యుని సలహాతో శిక్షణ పొందినవారి వద్ద ఈ చికిత్స ప్రయత్నించవచ్చును. దానితోపాటు నడక, కండరాలను బలపరచే వ్యాయామం, వేళకు నిద్ర, మితాహారం పాటించవలెను. రక్తపోటు, మధుమేహం, మూర్ఛ మాత్రలను మాత్రం ఏ సూదినీ నమ్మి ఒక్క పూటయినా మానరాదు.